కుక్క చెప్పిన కుటుంబకథ

ఆదిపర్వము తెరచిన కొలదిసేపటికే మనకు వినవచ్చు ఫిర్యాదు ఒక కుక్కది. జనమేజయుడు తమ్ములతో కూడి సత్రయాగము చేయుచుండగా సారమేయుడను కుక్కపిల్ల అచ్చటికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లియొద్దకు పోగా, ఆ తల్లి సరమ, నీవేదో తప్పు చేసియుందువనెను. హవిస్సు వంక కన్నెత్తి చూడలేదు, నాలుకతో ముట్టలేదు అని పిల్ల చెప్పుకొనెను. అప్పుడు సరమ యాగశాలకు పోయి, నిరపరాధియైన నా బిడ్డను ఏల కొట్టితిరని యడిగెను. ఆ ప్రశ్నకు వారేమియు బదులు చెప్పలేదని సంస్కృత భారతములో ఉన్నది. బదులు రాకపోగా సరమ శపించెను. రాజు భయపడి, శాంతి చేయించుటకు తగిన పురోహితుని వెదకుచు బయలుదేరెను. 11వ శతాబ్దమున భారతమును తెనుగు చేసిన నన్నయభట్టు ఈ కథను విడువలేదు. పురాణ కాలక్షేపములలో పెద్దలు దీనిని వినియే యుందురు.

శ్రోతలారా, ఈ దినము నేను ముచ్చటింపబోవు గ్రంథము మన దేశమునది కాదు. అయినను సరమ యడిగిన ప్రశ్ననే ఒక నవల పొడవున అడిగిన గ్రంథమది. అడిగినదియు కుక్కయే. ఆ నవల పేరు ‘బ్యూటిఫుల్ జో’. మన భాషలో ‘అందాల జో’ యనవచ్చును. 1893వ సంవత్సరమున అమెరికాలో వెలువడినది. ఒక గృహస్థుని యింట పండ్రెండేండ్లు బ్రదికి ముసలిదైన కుక్క, తాను చూచిన సంసారమును తన నోటనే చెప్పినట్లు అందులో కల్పింపబడినది. వ్రాసినది కెనడా దేశపు స్త్రీ, మార్గరెట్ మార్షల్ సాండర్సు.

కుక్కచేత కథ చెప్పించుట ఐరోపావారికి అప్పటికే క్రొత్త కాదు. 1613లో స్పెయిను దేశపు సెర్వాంటిసు ఒక చిన్న కథ ప్రకటించెను. అందులో వయ్యదోలీదు నగరమందలి ఆసుపత్రికి కాపలా కాయు రెండు కుక్కలకు ఒకనాటి రాత్రి మాట వచ్చును. వానిలో బెర్గాంసా యనునది తన యజమానుల చరిత్ర లన్నియు రెండవదానికి చెప్పును. దానిలో గొఱ్ఱెలకాపరుల ఘట్టము మన పల్లెలవారు వినదగినది. తోడేలు వచ్చినదని కాపరులు కేకవేయుదురు. కుక్క రాత్రియంతయు పొదలన్నియు గాలించి, కాళ్లు చీరుకొనిపోయి, తోడేలు జాడ కానరాక తిరిగివచ్చును. వచ్చుసరికి ఒక గొఱ్ఱె చచ్చి పడియుండును. ఒకనాడు అది దూరముగా పరుగెత్తక దాగియుండి చూడగా, గొఱ్ఱెను చంపుచున్నవారు కాపరులే. మంచి మాంసము తామును, నింద తోడేలును పంచుకొనుచున్నారు. కంచెయే చేను మేయుట యన్నమాట. ఎవరును తన యెదుట దాచుకొననవసరము లేదని తలచు ప్రాణి కుక్క. కనుకనే సాక్ష్యమునకు అంతకంటె తగినది లేదని సెర్వాంటిసు కనిపెట్టెను. కాని ఆయన చూపు మనుష్యుల దొంగతనము మీదనే గాని కుక్క నొప్పి మీద లేదు.

ఆ చూపు రెండువందల యేండ్లకు పిదప మారినది. 1822లో ఇంగ్లండు పార్లమెంటు గొడ్లను హింసించువారిని దండించుటకు ఒక శాసనము చేసెను. 1824లో లండనులో జంతుహింసను మాన్పించుటకు సంఘము ఏర్పడెను. అమెరికాలో ఈ పని నెత్తికెత్తుకొన్నవారిలో ముఖ్యుడు బోస్టను న్యాయవాది జార్జి ఏంజెలు. 1868లో ఒక పందెములో రెండు గుఱ్ఱములు, ఒక్కొక్కటి యిద్దరు మనుష్యులను లాగుచు, నలువది మైళ్ల దూరము పరుగెత్తించబడి చచ్చిపోయెను. ఆ వార్త చదివిన ఏంజెలు తన సంపాదనను, తరువాతి జీవితమును ఈ యుద్యమమునకే పెట్టెను. శాసనము ఒక్కటే చాలదు, పిల్లల మనస్సు మారవలెనని ఆయన నమ్మిక. 1877లో ఇంగ్లండునందు ఆనా స్యూయెల్ అను రోగపీడితురాలు ‘బ్లాక్ బ్యూటీ’ యను గుఱ్ఱపు స్వీయచరిత్రను ప్రకటించి, కొన్ని నెలలకే మరణించెను. 1890లో ఏంజెలు ఆ పుస్తకమును అమెరికాలో అచ్చువేయించి లక్షల కొలది పంచిపెట్టించెను. ‘టామ్ మామ కుటీరము’ అను నవల నీగ్రో బానిసల కెట్టిదో గుఱ్ఱముల కిది అట్టిది అని పుస్తకము మీదనే ఆయన ముద్రింపించెను. ఈ పోలికను జ్ఞప్తియం దుంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

గుఱ్ఱము తరువాత కుక్క వంతు వచ్చినది. ఏంజెలు స్థాపించిన జంతుకారుణ్య విద్యాసంఘము, పెంపుడు జంతువుల మంచిచెడ్డలను తెలుపు కథకు 200 డాలర్లు బహుమానమని ప్రకటించెను. ఆ బహుమతి సాండర్సునకు వచ్చినది.

ఆమె 1861 ఏప్రిలు 13వ తేదీని నోవా స్కోషియా రాష్ట్రములో ఒక క్రైస్తవ మతబోధకుని యింట జన్మించెను. ఉపాధ్యాయినిగా పనిచేసి విసిగి, కథలు వ్రాయ నారంభించెను. 1892లో ఆమె ఒంటారియో రాష్ట్రమందలి మీఫర్డు అను ఊరికి పోయెను. అచ్చట మూరు అను పిండిమర యజమాని యింట చెవులు లేని, తోక లేని కుక్క యొకటి ఉండెను. పూర్వపు యజమాని వానిని కోసివేయగా, మూరు కుటుంబము దానిని తెచ్చి పెంచుకొనుచుండిరి. సాండర్సు దాని కథ వినెను. పుస్తకము ముందుమాటలో, ఈ కుక్క నిజమైనది, పేరు నిజమైనది, దానికి జరిగినదియు నిజమే యని ఆమె చెప్పియున్నది. పుస్తకము అచ్చగునాటికి ఆ కుక్క బ్రదికియే యుండెను. కథను మాత్రము కెనడా నుండి అమెరికాలోని మెయిన్ రాష్ట్రమునకు, ఫెయిర్‌పోర్టు అను ఊరికి మార్చెను. పోటీ పెట్టినది అమెరికావారు గదా యని మార్చియుండునని నా యూహ.

కథ ఆరంభములో ముసలి జో తాను వ్రాయలేదు గనుక ఒక స్నేహితునిచేత వ్రాయించుచున్నానని చెప్పుకొనును. తన యజమానురాలు లారా ఒక గుఱ్ఱపు కథ చదువుచు నవ్వుట, ఏడ్చుట చూచినదట. బొమ్మలు చూడుమని పుస్తకమును దాని ముక్కు దగ్గర పెట్టినదట. కుక్క కథ వ్రాసినచో ఆమె సంతోషించునని దానికి తోచినది. గుఱ్ఱపు కథ యేదో మీకు తెలిసినదే.

జో పుట్టినది జెంకిన్సు అను పాలవాని గొడ్లసావడిలో. ఆ సావడిని సాండర్సు వర్ణించిన తీరు చదివినప్పుడు నాకు ఊపిరాడలేదు. పేడ యెత్తరు, గాలి రాదు, గొడ్లకు మేత చాలదు. కుక్క కన్నులకు కనబడునంత మాత్రమే చెప్పబడినది గాని, ఆ పాలు ఊరిలోని పసిబిడ్డలే త్రాగుదురను సంగతి చదువరికి తానే తోచును. ఒకనాడు జెంకిన్సు కుక్కపిల్లలను ఒక్కొక్కదానినే పట్టి గోడకు కొట్టి చంపెను. జో ఒక్కటి మిగిలెను. తల్లి బెంగతో కృశించి కొన్ని దినములకు చచ్చిపోయెను. చచ్చిన తల్లిని జెంకిన్సు కాలితో తన్నగా, జో వాని చీలమండ కరచెను. పుట్టి బుద్ధెరిగిన పిదప అది చేసిన తప్పు, తప్పనదలచినచో, అదియొక్కటే. జెంకిన్సు గొడ్డలి తెచ్చి, దాని తల దుంగమీద పెట్టి రెండు చెవులను, పిమ్మట తోకను నరికెను. అదే సమయమున దారినపోవు హారీ యను యువకుడు ఆ యరపు విని, బైసికిలు దిగి వచ్చి, జెంకిన్సును చావమోది, జోను ఎత్తుకొని తన బంధువులైన మారిసు దంపతుల యింటికి కొనిపోయెను.

ఇచ్చటినుండి గ్రంథము ఒక సంసారపు చరిత్ర యగును. మారిసు మతబోధకుడు, రాబడి స్వల్పము. కొమరులు నలుగురు, జాకు, నెడ్డు, కార్లు, విల్లీ, కూతురు లారా. ఇంటినిండ జంతువులే. బిల్లీ యను చిన్నకుక్క, మాల్టా యను పిల్లి, బెల్లా యను చిలుక, తుదకు మచ్చికచేసిన ఎలుక యొకటి. బీదవాడైన బోధకుని యింట ఇంత పరివార మేల యని ఊరివారు విస్తుపోవుదురు. పొరుగున మాంటెగ్యూ అను సంపన్నురాలు కలదు. ఆమె యింట సామగ్రి మెండు, కొడుకు చార్లీకి మాత్రము తల్లి సహవాసము కొఱత. వారిద్దరి సంభాషణమును జో పక్కన పడుకొని వినును. జంతువులను సాకుట నేర్చిన తరువాత తన మగపిల్లల స్వార్థమును, కొట్లాటలును తగ్గినవనియు, మేత వేయుట, నీళ్లు పెట్టుట ఎవరి వంతు వారు మరువకుండుటయే తన యింటి చదువనియు మారిసు భార్య వివరించును. వినుచున్న సంపన్నురాలికి చార్లీ జ్ఞప్తికి వచ్చును. సాండర్సు ఇచ్చట ఉపదేశమునకు దిగలేదు. పరుగున వచ్చిన పిల్లవాడు ముందుగా ఎవరివైపు పోవునో చూపి, ఊరకుండెను. నా మతములో పుస్తకమంతటికిని ఈ ఘట్టమే మేలైనది.

కుక్క పేరు పెరిగినదియు ఆ యింటనే. అది వట్టి జో. చెవులు తోక లేని ఆ రూపమును చూచి పిల్లలు ‘అందాల’ అని చేర్చిరి. పరిహాసమే యైనను అందు ప్రేమ కలదు.

అయితే మొదటి పుటలోనే ఇంకొక పరిహాసము కలదు. దానిని దాటిపోవుటకు నాకు మనస్సొప్పదు. ఇంత వికారమైనదానికి అంత చక్కని పేరేల యని చెప్పుచు మారిసు ఒక పోలిక తెచ్చును. దక్షిణ రాష్ట్రములలో ఆయన తాత, మిక్కిలి వికారియైన నల్లజాతి బానిసపిల్లవానికి మన్మథుడని, వాని తల్లికి రతీదేవి వంటి వేల్పు పేరును పెట్టెనట. ఆయన ఆ మాట చెప్పినప్పుడెల్ల వినువారు కుక్కవైపు చూచి చల్లగా నవ్వుదురు. కుక్కయు దానిని అట్లే మనకు అప్పగించును. రచయిత్రికి అందులో దోషము తోచినట్లు లేదు. అమెరికాలో బానిసత్వము రద్దై అప్పటికి ఇరువదియెనిమిది యేండ్లు మాత్రమే. బానిసల గోడును లోకమునకు వినిపించిన నవలతో పోల్చి ఏంజెలు గుఱ్ఱపు కథను పంచెను. ఆ వరుసలో వచ్చిన కుక్క కథ బానిసపిల్లవాని ముఖమును నవ్వులాటకు వాడుకొన్నది. నరకబడిన చెవుల బాధ విన్న చెవి యీ పిల్లవాని తల్లికి ఆ పేరు ఎట్లుండెనో విననే లేదు. ఆ కాలపు కారుణ్యమునకు ఎంత వైశాల్యము కలదో, ఎచ్చట గోడ కలదో, ఈ యొక్క వాక్యము చూపును. సాండర్సును దూషించుటకు దీనిని చెప్పుట లేదు. పాత పుస్తకమును చరిత్రగా చదువువారు మెచ్చదగిన పుటలతోబాటు ఇట్టి పుటలను గూడ తెరచియుంచవలెను.

తరువాతి భాగమున లారా జోను వెంటబెట్టుకొని పల్లెలోని తన పినతండ్రి వుడ్డుగారి పొలమునకు పోవును. వ్యవసాయదారులు చదువదగిన ప్రకరణములవి. వుడ్డు తన గుఱ్ఱములకు కన్నులకు గంతలు కట్టడు; తల పైకి లాగి బంధించు కళ్లెము వేయడు. ఆవును అదలించి పితికినవానికి పాలు తగ్గునని ఆయన మాట. దయకును లాభమునకును పేచీ లేదని ఆయన సిద్ధాంతము. అక్కడికి దగ్గరలో ఒక ఆంగ్లేయుడు పాడుపెట్టి పోయిన పొలములో, కట్టుకొయ్యలకే కట్టబడి ఆకలితో మాడుచున్న పశువులను హారీ, వుడ్డు కనుగొందురు. ఆ ఆంగ్లేయుడును పాత జెంకిన్సును దొంగతనములలో భాగస్థులని తుదకు తెలియును. దొంగతనమునకు వచ్చిన జెంకిన్సును జోయే గుర్తించి పట్టించును. వాడు చెరసాల పాలగును. పశువును హింసించువాడు మనుష్యుల సొత్తునకును శత్రువే యని గ్రంథకర్త్రి వాదము. లోకములో ఎల్లప్పుడు అట్లు జరుగదు. చీమనైన త్రొక్కని మహాదొంగలు లేకపోలేదు.

పుస్తకమునకు ఇంకొక లోపము కలదు. సగము గడచునప్పటికి కుక్క తాను కుక్కనని మరచిపోవును. పెద్దలు గంటలకొలది జంతుకారుణ్యమును గూర్చి, పిల్లలు స్థాపించు కరుణాసంఘములను గూర్చి మాటలాడుచుండ, జో వారి పాదములయొద్ద పడుకొని గుమాస్తావలె వ్రాసికొనుచుండును. కుక్కకు లోకము ముక్కునుండి తెలియునది. 1933లో ఇంగ్లండున వర్జీనియా వుల్ఫు ‘ఫ్లష్’ అను పుస్తకము వ్రాసెను. అది కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచిన కుక్క చరిత్ర. కుక్క స్వయముగా చెప్పకపోయినను, ఆ పుస్తకములో లండను గది, ఇటలీ వీథి వాసనలచేతనే మన యెదుట నిలుచును. కళలో వుల్ఫుది పైచేయి; సందేహము లేదు. కాని వుల్ఫు పుస్తకము చదివి యెవడును తన యెద్దుకు మూపుపుండు మాన్పియుండడు. సాండర్సు పుస్తకము చదివిన పిల్లలు కరుణాసంఘములలో చేరిరి. ఏది గొప్ప యని నన్నడిగినచో, ఎవరికి గొప్ప యని మరల అడుగుదును.

గ్రంథకర్త్రి పేరును గూర్చి ఒక మాట. పుస్తకము మీద మార్గరెట్ అను ఆడుపేరు తీసివేసి మార్షల్ సాండర్సు అని మాత్రమే అచ్చువేయించెను. వ్రాసినది పురుషుడని చదువరులు తలచుటకే ఆ యేర్పాటు. నోరులేని కుక్కకు నోరిచ్చిన స్త్రీ తన పేరును తాను చెప్పుకొనుటకు జంకవలసివచ్చినది. జో స్నేహితునిచేత వ్రాయించుకొన్నట్లే, ఆమెయు ఒక పురుషుని పేరి చాటున నిలిచి మాటలాడెను. ఆ చాటు ఫలించినది. కెనడావారు వ్రాసిన గ్రంథములలో పదిలక్షల ప్రతులకు మించి అమ్ముడైన మొదటిది ఇదేయని ఆ దేశపు సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. 1934లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు బిరుదమిచ్చి గౌరవించెను. 1947 ఫిబ్రవరిలో టొరాంటో నగరమున ఆమె మరణించెను.

మన దేశములోనికి ఈ యుద్యమము రాకపోలేదు. కలకత్తాలో 1861లోనే జంతుహింసా నివారణ సంఘ మేర్పడెను. 1890లో చట్టము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభలో పట్టుబట్టి యత్నింపగా, 1960లో క్రొత్త చట్టము పుట్టినది. జంతువును అంగహీనము చేయుట అందు చెప్పబడిన నేరములలో ఒకటి. మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జుల్మానా 10 రూపాయలకు తక్కువ గాకుండ, 50 రూపాయలకు మించకుండ. 1960లో 50 రూపాయలు కూలివానికి పెద్ద మొత్తమే. ఈనాడు ఆ సొమ్ముతో జో మెడకు పట్టెడయైన రాదు. పశువును చంపినవారికి, అంగహీనము చేసినవారికి నేరచట్టములో వేరుగా కారాగారము కలదు గాని, ఊరకుక్క పక్షమున సాక్ష్యము చెప్పుటకు న్యాయస్థానము మెట్లెక్కువా రెందరు?

మీఫర్డులో, మూరు కుటుంబమువారి కుక్కను పాతిపెట్టిన చోట, నేడు జో పేరిట ఒక యుద్యానవనము కలదు. ఆ పుస్తకము పేరు వినియే ఆ ఊరికి పోవువారు కలరు.

జో యంతగా ప్రేమించిన లారాను గూర్చి చెప్పుట మిగిలినది. ఆ పాత్ర కల్పితము కాదనియు, నిజమైన మనిషిని చూచి యణువంతయు మార్పక చిత్రించితిననియు సాండర్సు ముందుమాటలో వ్రాసెను. ఆమె చెల్లెలి పేరు లారా. ఆ చెల్లెలు పదునేడేండ్ల వయస్సున మరణించినది. పుస్తకములో లారా మరణింపలేదు. ముసలి కుక్క తన కథను ఎవరి సంతోషమునకై వ్రాయించుచున్నదో ఆ యజమానురాలు ప్రక్క గదిలో బ్రదికియే యున్నది.